గోడకెక్కిన కొసరు

మా తమ్ముడి కొడుకు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ దగ్గర ఉంటాడు. పోయిన వేసవిలో వచ్చినప్పుడు నాకోసం ఒక చెక్క పలక తెచ్చాడు. "పాత సామాన్ల కొట్టులో కనిపించింది పెదనాన్నా, మీకు నచ్చుతుందనిపించింది" అన్నాడు.

మూరెడు పొడుగు, నాలుగు వేళ్ల వెడల్పు. పసుపు రంగు వేసిన పలక. అంచుల్లో రంగు లేచిపోయి లోపలి చెక్క కనిపిస్తోంది. మేకుకు తగిలించడానికి పైన ఒక చిల్లు. నడిమధ్య సన్నటి గాజు గొట్టం, దాని అడుగున బఠాణీ గింజంత బుడ్డి. అందులో ద్రవం ఒకప్పుడు ఎర్రగా ఉండేదేమో, ఇప్పుడు లేత గులాబీ రంగుకు వచ్చింది. రెండు సన్నటి తీగ కొక్కేలు గొట్టాన్ని పలకకు అదిమిపట్టి ఉంచాయి. పక్కన నల్ల గీతలు, అంకెలు. వాటికంటే పెద్ద అక్షరాలు మాత్రం పలక పైభాగంలో ఉన్నాయి. ఒక కొట్టు పేరు, ఆ కింద "ఫర్నిచర్, అంత్యక్రియల ఏర్పాట్లు", ఇంకా కింద "ఫోన్ 47".

మంచాలు అమ్మేవాడు అంత్యక్రియలు చేయించడమేమిటని మొదట ఆశ్చర్యం వేస్తుంది. అమెరికా చిన్న ఊళ్లలో పందొమ్మిదో శతాబ్దం నుంచి ఈ రెండూ ఒకే చూరు కింద నడిచిన వ్యాపారాలు. మంచం, బీరువా చేసే వడ్రంగే శవపేటికా చేసేవాడు. అక్కడినుంచి మిగతా ఏర్పాట్లు కూడా అతని చేతికే వచ్చాయి. అలాంటి కొట్టువాడు కొత్త సంవత్సరానికో, ఇంట్లో ఏదైనా సామాను కొన్నప్పుడో తన పేరు రాసిన ఉష్ణమాపకాన్ని ఊరికే ఇచ్చేవాడు. ఆయన ఒక్కడే కాదు. బొగ్గు కొట్టు, పశువుల దాణా కొట్టు, విత్తనాల కొట్టు, బ్యాంకు, మందుల షాపు, పెట్రోలు బంకు, పాల డిపో అన్నీ ఇచ్చాయి.

వీటిని అర్థం చేసుకోవడానికి మనకు దగ్గరి దారి గోడ క్యాలెండర్. కిరాణా కొట్టువాళ్లో, బట్టల షాపువాళ్లో, బంగారం షాపువాళ్లో ఇచ్చిన క్యాలెండర్ లేని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. తిథి చూడాలన్నా, వర్జ్యం చూడాలన్నా, పాలవాడి లెక్క రాసుకోవాలన్నా దాని దగ్గరికే వెళ్లేవాళ్లం. వెళ్లిన ప్రతిసారీ షాపు పేరు కంటబడేది. కొట్టులో సరుకు తూచాక చేతిలో పోసే గుప్పెడు కొసరు ఆ పూటతో అయిపోతుంది. గోడకెక్కిన కొసరు ఏడాదంతా ఉంటుంది. ఉష్ణమాపకమైతే ఏడాదికి కూడా పాతబడదు. పలక విరిగేదాకా, గాజు పగిలేదాకా ఉంటుంది. క్యాలెండర్ అచ్చుకన్నా ఎక్కువ ఖర్చయినా వ్యాపారులు దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం అదే.

ఈ ప్రకటన వస్తువుల పరిశ్రమకు పుట్టిల్లు అనదగిన ఊరు కూడా ఒహాయోలోనే ఉంది. పేరు కొషాక్టన్. 1880ల్లో అక్కడ జాస్పర్ మీక్ అనే పత్రిక యజమాని ఉండేవాడు. పత్రిక అచ్చయిపోయాక ముద్రణ యంత్రం ఖాళీగా కూర్చుంటోందని ఆయన బెంగ. బడి పిల్లలు పుస్తకాలు మోసుకెళ్లే గుడ్డ సంచుల మీద ఒక చెప్పుల కొట్టు పేరు అచ్చువేసి, ఆ కొట్టువాడి చేత పిల్లలకు పంచిపెట్టించాడు. ఊరంతా ఆ పేరు తిరిగింది. అదే ఊళ్లో పోటీ పత్రిక నడిపే హెన్రీ బీచ్ ఇది చూసి తానూ అదే పనిలోకి దిగాడు. సంచులతో మొదలై గుర్రాల టోపీలు, ఏప్రన్లు, ఆపైన బొమ్మలు అచ్చువేసిన రేకు పళ్లేలు, బోర్డులు దాకా వెళ్లారు. బీచ్ కంపెనీ ఎనామెల్ ఉష్ణమాపకాలు కూడా చేసింది. వాటి అడుగున చిన్న అక్షరాల్లో కొషాక్టన్ పేరు, 1915 మార్చి 16 పేటెంట్ తేదీ కనిపిస్తాయి. అది పేటెంట్ తేదీ మాత్రమే. ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు అదే తేదీ వేస్తూ వచ్చారు కాబట్టి, దాన్ని చూసి వస్తువు 1915 నాటిదని నిర్ణయించకూడదు.

ఇక్కడ రెండు రకాలు వేరుచేసి చూడాలి. ఒకటి, పెద్ద కంపెనీ కొట్టువాడికి ఇచ్చింది. దాదాపు రెండు మూరల ఎనామెల్ రేకు, కొట్టు గుమ్మం పక్కన బిగించేది. ఎక్స్‌లాక్స్ విరేచనాల మందు, కోకాకోలా, 1927లో బజారులోకి వచ్చిన ప్రెస్టోన్ యాంటీఫ్రీజ్ ఇలాంటివి లెక్కలేనన్ని పెట్టించాయి. కారు రేడియేటర్‌లో నీళ్లు గడ్డకట్టకుండా పోసే ద్రవాన్ని అమ్మేవాడికి ఉష్ణమాపకాన్ని మించిన ప్రకటన ఏముంటుంది? ఎర్ర గీత కిందికి దిగేకొద్దీ చూసేవాడికి తన బండి గుర్తొస్తుంది. బొగ్గు వ్యాపారికీ అంతే. చల్లటి పానీయం అమ్మేవాడికి గీత పైకి ఎక్కాలి. డాక్టర్ పెప్పర్ కంపెనీ అయితే చలికాలంలో తన పానీయాన్ని వేడిచేసి నిమ్మచెక్క వేసుకుని తాగమని చెప్పి, గీత ఎటు పోయినా తన సరుకు పనికొచ్చేలా చూసుకుంది. రెండో రకం, కొట్టువాడు ఇంటికి ఇచ్చింది. నా పలకలాంటిది. నాకు ఎక్కువ ఇష్టం ఈ రెండో రకమే. ఇందులో ఉన్నది ఒక ఊరి మనిషి పేరు.

ఆ ఇంటివాళ్లకు దీనితో నిజంగా పని ఉండేది. అమెరికా వాతావరణ శాఖ 1891లో సైన్యం చేతినుంచి వ్యవసాయ శాఖ కిందికి వచ్చింది. సూచనలు తంతి ద్వారా పోస్టాఫీసులకు చేరేవి. కొన్నిచోట్ల రంగు జెండాలు ఎగరేసి చెప్పేవారు. ఊరికి దూరంగా పొలంలో ఇల్లు కట్టుకున్న రైతుకు ఆ జెండా కనిపించదు. రేడియో ప్రసారాలు మొదలైంది 1920ల్లో. 1930ల నడుమ దాకా కూడా పల్లె ఇళ్లలో పదింట తొమ్మిదింటికి కరెంటు లేదు. రాత్రి 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సున్నా సెల్సియస్‌కు దిగితే టమాటా నారు చస్తుంది, ఇంకా దిగితే పళ్ల తోటలో పూత మాడుతుంది. పడుకోబోయే ముందు లాంతరు పట్టుకుని వరండాలో గీత చూసి, తోటలో మంటలు వేయాలా వద్దా అని తేల్చుకునేవారు. పందిని కోసి మాంసం నిలవచేయాలంటే చలి బాగా ముదిరిన రోజు కావాలి. దానికీ ఆ గీతే ఆధారం.

ఫారెన్‌హీట్ అనగానే మనకు పరాయిదిగా తోస్తుంది గానీ, నిజానికి మన ఇళ్లలో అది ఇంకా బతికే ఉంది. ఎండ ఎంత అంటే "నలభై నాలుగు" అంటాం. జ్వరం ఎంత అంటే "నూట రెండు" అంటాం. మొదటిది సెల్సియస్, రెండోది ఫారెన్‌హీట్. ఒకే నోటితో రెండు కొలమానాలు పలుకుతున్నాం. డేనియల్ ఫారెన్‌హీట్ 1714 ప్రాంతంలో నమ్మదగిన పాదరసం ఉష్ణమాపకాలు చేసి, 1724లో తన కొలమానాన్ని ప్రకటించాడు.

ఆయనది పాదరసం అయితే, కొట్లవాళ్లు పంచినవాటిలో ఎర్రటి ద్రవం ఎందుకుంది? అది రంగు కలిపిన ఆల్కహాల్. చవక అన్నది ఒక కారణమే. అసలు సంగతి వ్యాకోచంలో ఉంది. ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే 1000 పాళ్ల ఆల్కహాల్ సుమారు 1001 పాళ్లు అవుతుంది. పాదరసం 1000.18 మాత్రమే అవుతుంది. అంటే ఆల్కహాల్ దాదాపు ఆరు రెట్లు ఎక్కువ ఉబ్బుతుంది. పాదరసానికి వెంట్రుకంత సన్నటి రంధ్రం ఉన్న గొట్టం కావాలి, లేకపోతే అది కదిలినట్టే కనిపించదు. ఆల్కహాల్‌కు కొంచెం వెడల్పు రంధ్రం చాలు. గొట్టం చేయడం తేలిక, గీత లావుగా ఉంటుంది, వంటింటి కిటికీలోంచి చూసినా కనిపిస్తుంది. పైగా పాదరసం సుమారు −39 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. మిన్నెసోటా, నార్త్ డకోటా చలి కొన్ని రాత్రులు అంతకు దగ్గరగా వెళుతుంది. ఆల్కహాల్ గడ్డకట్టాలంటే −114 దాకా దిగాలి. ఏళ్ల తరబడి వెలుతురు తగిలితే రంగు వెలిసిపోవడం దీని లోపం. నా పలకలో గులాబీ రంగు అలా వచ్చిందే. పాత వస్తువు గొట్టంలో వెండిలా మెరిసే ద్రవం కనిపిస్తే మాత్రం అది పాదరసం. అలాంటిదాన్ని పిల్లల చేతికి ఇవ్వకూడదు, గొట్టం పగిలితే చీపురుతో ఊడ్వకూడదు.

ఇలాంటి వస్తువు ఎప్పటిదో పోల్చుకోవడం నాకు చాలా ఇష్టమైన పని. ఆధారాలన్నీ ప్రకటనలోనే ఉంటాయి. ఫోన్ నంబరు రెండు మూడు అంకెలే ఉంటే, ఊళ్లో ఆపరేటర్ చేత్తో తీగలు కలిపిన కాలం. ఊరి పేరు తర్వాత మన పిన్ కోడ్ లాంటి అయిదంకెల జిప్ కోడ్ ఉంటే, అది 1963 జులై తర్వాతిదే. అంతకుముందు 1943 నుంచి పెద్ద నగరాలకు ఒకటి రెండంకెల తపాలా మండలం సంఖ్య ఉండేది. పలక చెక్కదైతే పాతకాలానిది కావడానికి ఎక్కువ అవకాశం, ప్లాస్టిక్‌దైతే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతిది కావడానికి. ఎనామెల్ అంటే ఇనుప రేకు మీద గాజు పొడి పూసి కొలిమిలో కరిగించిన పూత, మన ఎనామెల్ గిన్నెల్లాంటిదే. అది ఎండకు వెలవదు. దెబ్బ తగిలితే మాత్రం పెచ్చు ఊడి నల్లటి ఇనుము కనిపిస్తుంది. ఇప్పుడు బజారులో కొత్తగా చేసిన నకళ్లు చాలా ఉన్నాయి. తుప్పు ఎక్కడెక్కడ పట్టిందో చూస్తే కొంత తెలుస్తుంది. నిజంగా పాతదానికి మేకు చిల్లుల చుట్టూ, అంచుల దగ్గర పడుతుంది. నకిలీకి అందంగా, అన్ని వైపులా సమానంగా ఉంటుంది.

ఇంతవరకూ చెప్పినవి ఈ క్షణం ఎంత వేడి, ఎంత చలి అన్నది మాత్రమే చెప్పేవి. వ్యాపారులు రేపటి మాట చెప్పే వస్తువులు కూడా ఇచ్చారు. వాటి మీద "బారోమీటర్" అని రాసేవారు. ఇక్కడ పాఠకులు కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఆ పేరుతో పంచినవాటిలో చాలావాటికి బారోమీటర్‌తో సంబంధమే లేదు.

ఉదాహరణకు, జర్మనీ, ఆల్ప్స్ పల్లెల నమూనాలో చేసిన చిన్న చెక్క ఇల్లు. దానికి రెండు గుమ్మాలు. మంచి ఎండ కాసే రోజున ఒక గుమ్మంలోంచి ఆడబొమ్మ బయటికొస్తుంది. వాన గాలి వీస్తే ఆవిడ లోపలికి వెళ్లి గొడుగు పట్టుకున్న మగబొమ్మ వస్తాడు. పిల్లలు దాన్ని చూస్తూ గంటలు గడిపేస్తారు. లోపల ఉన్నది గొర్రె పేగును మెలిపెట్టి చేసిన తంతి ఒక్కటే. తంతికి వేలాడే అడ్డపుల్ల రెండు చివరలా రెండు బొమ్మలు. తేమ తగిలితే మెలి కాస్త వదులవుతుంది, పుల్ల తిరుగుతుంది. గాలి ఆరితే మెలి బిగుస్తుంది, పుల్ల వెనక్కి వస్తుంది. శ్రావణంలో మన తలుపులు ఉబ్బి బిగుసుకుపోవడం, డబ్బాలో వడియాలు మెత్తబడటం, జాడీలో ఉప్పు చెమర్చడం చూస్తాం కదా, అదే సూత్రం. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సొస్యూర్ 1783లో ఇదే సూత్రాన్ని మనిషి వెంట్రుకతో కొలతగా మార్చాడు. పూర్తి పొడి గాలిలోంచి పూర్తి తేమ గాలికి వస్తే వెంట్రుక సుమారు 2 శాతం పొడుగవుతుంది.

మరొకటి రంగు మారే బొమ్మ. అట్ట మీద ఒక పువ్వో, అమ్మాయి గౌనో ఉంటుంది. ఎండగా ఉంటే నీలం, తేమగా ఉంటే గులాబీ. కింద కొట్టు పేరు. కాగితానికి పట్టించింది కోబాల్ట్ క్లోరైడ్. నీటి అణువులు చేరితే అది గులాబీ, పోతే నీలం. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికాజెల్ పొట్లాల్లో నీలి పూసలు ఒకప్పుడు ఈ రసాయనంతోనే చేసేవారు. ఆరోగ్యానికి హాని అని తేలాక చాలాచోట్ల దాన్ని మానేశారు. పాత బొమ్మ చేతికొస్తే తడివేళ్లతో రుద్దకండి.

పేగు తంతి, రంగు బొమ్మ రెండూ గాలిలో ఇప్పుడున్న తేమను చెబుతాయి. రేపటి వానను చెప్పవు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే పక్కనే పెట్టి చూడండి, గొడుగు మనిషి బయటికొచ్చేస్తాడు. అయినా అవి ఒట్టి అబద్ధాలని నేననను. వానకు ముందు గాలి చెమ్మగిల్లడం తరచు జరిగేదే. ఇంటి ఇల్లాలు రోజూ చూసి, మొన్న గొడుగువాడు వచ్చాక ఎన్ని గంటలకు చినుకు పడిందో గుర్తుంచుకుంటే, ఆ జ్ఞాపకమే సూచన అవుతుంది.

నిజమైన బారోమీటర్ గాలి బరువును కొలిచేది. టొరిచెల్లి 1643లో పాదరసంతో చేశాడు. ఇంటి గోడకు తగినంత చిన్నగా అయ్యింది మాత్రం 1844లో ఫ్రాన్స్‌లో లూసియెన్ విడీ ద్రవం లేని బారోమీటర్ చేశాక. గాలి తీసేసిన పలచటి లోహపు డబ్బా, దాని ముఖం మీద చక్రాల్లా ముడతలు. బయట గాలి ఒత్తిడి పెరిగితే డబ్బా అణుగుతుంది, తగ్గితే ఉబ్బుతుంది. ఆ కదలిక కంటికి కనిపించనంత చిన్నది. దాన్ని మీటలతో పెద్దది చేసి ముల్లును తిప్పుతారు. ఇది ఖరీదైనది కాబట్టి కొట్లవాళ్లు అందరికీ ఇవ్వలేదు. బ్యాంకులు, పెద్ద కంపెనీలు ముఖ్యమైన ఖాతాదారులకు ఇచ్చుకున్నాయి.

ఈ ముల్లు చుట్టూ అచ్చువేసిన మాటలతోనే చిక్కు. 28 అంగుళాల (పాదరసం ఎత్తు) దగ్గర "తుఫాను", 29 దగ్గర "వాన", 29.5 దగ్గర "మార్పు", 30 దగ్గర "నిర్మలం", 31 దగ్గర "బాగా పొడి". ఇవి ఇంగ్లండ్‌లో సముద్రమట్టానికి దగ్గరగా ఉండేవాళ్ల కోసం పుట్టిన మాటలు. ఎత్తుకు వెళ్లేకొద్దీ మన నెత్తిన గాలి తగ్గుతుంది. మొదటి వెయ్యి అడుగులకు సుమారు ఒక అంగుళం ఒత్తిడి పడిపోతుంది. అమెరికాలో డెన్వర్ నగరం మైలు ఎత్తున ఉంది, కాబట్టి అక్కడ సరిచేయని ముల్లు తుఫాను కూడా దాటి ఎక్కడికో పోతుంది. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్లకు అటూ ఇటూ ఎత్తులో ఉంది. అక్కడ మామూలు ఒత్తిడి దాదాపు 950 హెక్టోపాస్కల్స్, అంటే 28 అంగుళాల పైచిలుకు. ఆకాశంలో మబ్బు తునక లేని జనవరి పొద్దున కూడా ముల్లు "తుఫాను" అనే చెబుతుంది. వెనక ఉండే చిన్న మరను తిప్పి, వాతావరణ శాఖ ప్రకటించే సముద్రమట్టపు విలువకు ముల్లును తెచ్చి పెట్టుకోవాలి. చాలామంది ఆ మర సంగతి తెలియక, వస్తువు చెడిపోయిందని అటక మీద పారేశారు.

ఎత్తు సరిచేసినా మన ప్రాంతంలో ఇంకో తేడా మిగిలి ఉంటుంది. ఉష్ణమండలంలో ఒత్తిడి గడియారంలా నడుస్తుంది. పొద్దున పది ప్రాంతంలో, రాత్రి పది ప్రాంతంలో పైకి, రెండు పూటలా నాలుగింటి ప్రాంతంలో కిందికి. తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్స్. వానకూ దీనికీ సంబంధం లేదు. మధ్యాహ్నం ముల్లు దిగిందని ఆరేసిన బట్టలు తీసేస్తే పొరపాటే. తుఫాను వచ్చినప్పుడు పడిపోయే తీరు వేరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుఫానులో కేంద్రం దగ్గర ఒత్తిడి సుమారు 943 హెక్టోపాస్కల్స్‌కు, అంటే 28 అంగుళాల లోపలికి దిగింది. బంగాళాఖాతం ఒడ్డున "తుఫాను" అన్న మాటకు ముల్లు నిజంగా చేరేది అలాంటి రోజుల్లోనే.

బ్రిటన్ వాతావరణ శాఖకు తొలి అధిపతి రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ ఈ అచ్చు మాటలను నమ్మొద్దని గట్టిగా చెప్పాడు. ముల్లు ఎక్కడ ఉందన్నది కాదు, ఎటు కదులుతోంది, ఎంత వేగంగా కదులుతోంది అన్నదే చూడమన్నాడు. అందుకే మంచి బారోమీటర్లకు రెండో ముల్లు ఉంటుంది. అది చేత్తో తిప్పి పెట్టేది. రాత్రి పడుకునే ముందు దాన్ని అసలు ముల్లు మీదికి తెచ్చి ఉంచితే, పొద్దున లేచేసరికి అసలుది ఎంత జరిగిందో కనిపిస్తుంది. వరదగుడి చూసి, చీమలు గుడ్లు మోసుకెళ్లడం చూసి వాన చెప్పిన మన పెద్దవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. వాళ్లు కూడా ఒక్కనాడు చూసి చెప్పలేదు.

ఇక నా పలక సంగతి. పాత ఉష్ణమాపకం నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడానికి మంచు చాలు. ఐస్ ముక్కలు గుడ్డలో వేసి దంచి, పలచటి ప్లాస్టిక్ సంచిలో కాసిని నీళ్లతో కలిపి, బుడ్డికి చుట్టూ అదిమి పదిహేను నిమిషాలు ఉంచాను. గీత 32 దగ్గర ఆగాలి. 35 దగ్గర ఆగింది. భూతద్దం పెట్టి చూస్తే గాజు మీద సన్నటి ఆకురాయి గాటు ఒకటి కనిపించింది, అది కూడా సరిగ్గా 35 గీత పక్కనే ఉంది. చవక ఉష్ణమాపకాల్లో అంకెలు గాజు మీద ఉండవు, పలక మీద ఉంటాయి. గాటును గడ్డకట్టే బిందువుతో కలిపి గొట్టాన్ని బిగిస్తారు. ఇన్నేళ్లలో కొక్కెం వదులై గొట్టం పైకి జారిందన్నమాట. ద్రవంలో తప్పేమీ లేదు. కొక్కేన్ని మెల్లగా లేపి, గాటు 32 మీదికి వచ్చేదాకా గొట్టాన్ని కొద్దికొద్దిగా కిందికి జరిపి, మళ్లీ నొక్కాను.

దాన్ని ఉత్తరపు వరండాలో, ఎండ పడనిచోట, నా కంటి ఎత్తున తగిలించాను. ఎండ సూటిగా తగిలితే ఏ ఉష్ణమాపకమైనా గాలి వేడిని కాక తన వేడినే చెబుతుంది. ఈ రోజు పొద్దున ఆరింటికి 78 ఉంది. కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడటం అలవాటైంది. ముందు గీత చూస్తాను, తర్వాత పైనున్న పేరు, కింద "ఫోన్ 47".